చిన్ననాటి మోగ్లీ కార్టూన్: బాలూ చెప్పిన నది మాట ఏ ఎపిసోడ్‌లోది?

ప్రశ్న: కాలువగట్టు, అంబాజీపేట

సభ్యులందరికీ నమస్కారం. దూరదర్శన్‌లో 1993లో ఆదివారాల పూట వచ్చిన మోగ్లీ కార్టూన్ గురించి, అదే, అడవిలో తోడేళ్లు పెంచిన పిల్లవాడి కథ గురించి ఒక సందేహం ఉంది. దానిని చూసి గుర్తుంచుకున్నవారు దయచేసి సమాధానం చెప్పగలరు.

అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. మా ఇంట్లో టీవీ లేదు. కాలువకు అవతల ఉన్న మా పెదనాన్నగారింట్లో ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. పెంకుటింటి వెనుక పాతిన పొడవాటి వెదురు బొంగుకు యాంటెనా కట్టారు. గాలికి అది తిరిగిపోయినప్పుడల్లా మా పెద్దన్నయ్య పెరట్లోకి వెళ్లి బొంగు తిప్పుతూ ఉంటే, మేము లోపలి నుంచి ‘వచ్చింది, వచ్చింది’ అని కేకలు వేసేవాళ్లం. కార్టూన్ హిందీలో వచ్చేది. అక్కడ చేరిన పదిహేను మంది పిల్లల్లో హిందీ ఏ కొంచెమైనా తెలిసినది మా అక్క ఒక్కతే, ఎందుకంటే ఆమె అప్పుడు హిందీ ప్రచార సభ వారి మధ్యమ పరీక్షకు చదువుతోంది. ఆమె నా పక్కన కూర్చుని, తెర మీద ఎవరు నోరు విప్పినా ఆ మాటను అప్పటికప్పుడు తెలుగులో చెప్పేది.

పోయిన వారం మా అమ్మాయి ‘నాన్నా, నీ చిన్నప్పుడు ఏ కార్టూన్ చూసేవాడివి’ అని అడిగింది. ఎక్కడో ఎవరో అతికించిన ముక్కలు కాకుండా అసలు చోటి నుంచే చూపించాలనిపించి, దానిని తీసిన నిప్పన్ యానిమేషన్ సంస్థ అధికారిక వెబ్‌సైటుకు వెళ్లాను. ఫోనులో ఉన్న అనువాద సౌకర్యంతో ఆ జపనీస్ పేజీలను చదువుతూ, ఆ రాత్రి రెండు గంటలు అక్కడే గడిపాను. బొంబాయిలో తయారైందని ఇన్నాళ్లూ నేను నమ్మిన ఆ కార్టూన్ జపాన్‌ది. 1989 అక్టోబరు నుంచి 1990 అక్టోబరు వరకు టీవీ టోక్యోలో మొత్తం 52 ఎపిసోడ్లుగా వచ్చిందనీ, దర్శకుడు ఫుమియో కురొకావా అనీ ఇప్పుడే తెలుసుకున్నాను. అన్నిటికంటే నన్ను కదిలించినవి రంగులు. నేను ఆ అడవిని ఎన్నడూ రంగుల్లో చూడలేదు. మోగ్లీ వెంట తిరిగే కిచీని నేను ముంగిస అనుకునేవాణ్ణి. అది రెడ్ పాండా అనీ, దాని ఒళ్లు ఎర్రగా ఉంటుందనీ ముప్పై ఏళ్లు దాటాక చూశాను.

అయితే నాకు కావలసినవి రెండు అక్కడ దొరకలేదు. మనందరికీ నోటికి వచ్చిన ఆ మొదటి పాట లేదు, మనం విన్న గొంతుల ప్రస్తావన కూడా లేదు. ఆ సంస్థవారు మన హిందీ రూపాన్ని ఎందుకు పట్టించుకోలేదో తెలిసినవారు చెప్పాలి.

రెండోది నాకు ఎక్కువ ముఖ్యం. ఒక సాయంత్రం మోగ్లీ ఏటి ఒడ్డున కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుని, ‘ఈ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి’ అని బాలూ అనే ఎలుగుబంటిని అడుగుతాడు. బాలూ కాసేపు ఆలోచించి, ‘గోదారికి పోతాయి, అక్కడ నీలాంటి పిల్లలు ఈదుకుంటారు’ అంటాడు. ఈ మాట నా చెవుల్లో నిన్న విన్నట్టే ఉంది. ఆ రోజు ఇంటికి తిరిగి వస్తూ కాలువ వంతెన మీద ఆగి నీళ్లను చూసిన సంగతి కూడా గుర్తుంది. ఇప్పుడు దొరికిన కథా సారాంశాలన్నీ చదివినా ఆ ఘట్టం ఎక్కడా కనబడలేదు. అది ఎన్నో ఎపిసోడ్‌లోదో ఎవరైనా చెప్పగలరా?


సమాధానం 1: మాటలగది, పాలకొల్లు

నేను హైదరాబాదులో పదకొండేళ్లు డబ్బింగ్ స్టూడియోలలో శబ్దగ్రహణ సహాయకుడిగా పనిచేశాను కాబట్టి మీ మొదటి సందేహానికి సమాధానం చెప్పగలను.

ఒక కార్టూన్‌ను పరాయి దేశానికి అమ్మేటప్పుడు, తీసిన సంస్థ బొమ్మతోపాటు సంగీతం, అడుగుల చప్పుడు, ఆకుల గలగల వంటివి ఉన్న ట్రాక్‌ను మాటలు లేకుండా విడిగా ఇస్తుంది. కొన్నవారు తమ భాషలో మాటలు రాయించి, తమ నటులతో చెప్పించి, దానిని ఆ ట్రాక్‌తో కలుపుకుంటారు. కావాలనుకుంటే మొదటి పాటను తీసేసి కొత్త పాట పెట్టుకుంటారు. మోగ్లీ విషయంలో జరిగింది అదే. మనం విన్న పాటను గుల్జార్ రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. పులి షేర్‌ఖాన్‌కు గొంతు ఇచ్చినవారు నానా పాటేకర్. ఇవన్నీ మన దేశంలో, మన ప్రేక్షకుల కోసం చేసిన పనులు. ఇదే కార్టూన్ అరబ్బీ, ఇటాలియన్, జర్మన్ భాషల్లోకి కూడా వెళ్లింది. అక్కడి పిల్లలకు వేరే పాట, వేరే గొంతులు. తీసిన సంస్థ తన వెబ్‌సైటులో తన చేతి పనిని పెడుతుంది, ఇన్ని దేశాలవారు దాని మీద చేసుకున్న పనిని పెట్టదు. అందువల్ల వారు మనల్ని పట్టించుకోలేదని అనుకోవద్దని నా మనవి.

హిందీ రూపాన్ని వెదకవలసిన చోటు ఇక్కడే. అది పోలేదనడానికి ఒక సాక్ష్యం ఉంది: 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, పాత ధారావాహికలతోపాటు దీనిని కూడా దూరదర్శన్ మళ్లీ ప్రసారం చేసింది. నేను అప్పుడు పని లేక ఊరికి వచ్చేసి ఉన్నాను. మధ్యాహ్నం అన్నాలు కాగానే టీవీ ముందు కూర్చునేవాణ్ణి. ఆ పాట బలం ఎంతటిదంటే, అదే కథ మీద 2016లో హాలీవుడ్ సినిమా వచ్చినప్పుడు, ఇక్కడి హిందీ ప్రచారం కోసం గుల్జార్, విశాల్ భరద్వాజ్‌లతోనే ఆ పాటను మళ్లీ చేయించారు.

మీరు ‘ఎవరో అతికించిన ముక్కలు’ అన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వేగం మార్చి, అంచులు కోసి, గొంతు సన్నబడిపోయేలా చేసి ఎక్కించిన వాటిని చూస్తే, డబ్బింగ్ గదిలో గంటల తరబడి నిలబడి ఒక్కొక్క మాటనూ పెదవుల కదలికకు సరిపెట్టినవారి కష్టం గుర్తుకొచ్చి నాకు బాధ కలుగుతుంది.

మీ రెండో ప్రశ్న విషయానికి వస్తే, 2020లో నేను చెవి ఒగ్గి విన్న మాటల్లో గోదావరి పేరు నాకు ఎక్కడా తగల్లేదు. హిందీలో రాసినవారు ఆ పేరు వాడటానికి కారణం కూడా కనబడదు. మీ జ్ఞాపకంలో వేరే ఏదో కలిసిపోయి ఉండవచ్చు.


సమాధానం 2: లాకులదారి, ధవళేశ్వరం

నేను ముప్పై నాలుగేళ్లు సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. కార్టూన్‌ల గురించి నాకు పరిచయం తక్కువ, కానీ కాలువగట్టు గారి ప్రశ్నలోని ఆ ఒక్క మాట చదివి ఆగిపోయాను. ఎందుకంటే, ఆ మాట ఎవరు అన్నా, అది నిజం.

ఆ కార్టూన్‌కు ఆధారం రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో, 1895లో వెలువరించిన రెండు పుస్తకాలు. ఆయన 1865లో బొంబాయిలో పుట్టారు. ఈ కథలను మాత్రం అమెరికాలోని వెర్మాంట్‌లో ఉండగా రాశారు. కథ జరిగే చోటును ఆయన ఊహకు వదలలేదు, పేర్లు పెట్టి చెప్పారు. మోగ్లీని పెంచిన తోడేళ్ల గుంపుది సివనీ కొండలు. అది నేటి మధ్యప్రదేశ్‌లోని సివనీ జిల్లా. పెంచ్ పులుల అభయారణ్యం ఉన్నది ఆ ప్రాంతంలోనే. ఆ కథల్లో పదే పదే వచ్చే నది వైన్‌గంగ. షేర్‌ఖాన్ చచ్చేది ఆ నది దగ్గరి లోయలోనే: మోగ్లీ ఊరి గేదెల మందను రెండుగా చీల్చి, రెండు వైపుల నుంచి తోలి, ఆ పులిని గిట్టల కింద తొక్కిస్తాడు. మందకు ముందు నడిచే దున్నపోతు పేరు రాముడు. పశువులను కాలువకు తోలిన మన పల్లెటూరి పిల్లవాడికి ఈ ఉపాయం ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ నీటి వెంట రండి. వైన్‌గంగ సివనీ జిల్లాలోనే పుట్టి, బాలాఘాట్ మీదుగా మహారాష్ట్రలోకి దిగి, భండారా, గడ్చిరోలి ప్రాంతాలు దాటి వార్ధా నదితో కలుస్తుంది. ఆ రెండూ కలిసిన చోటి నుంచి దాని పేరు ప్రాణహిత. ప్రాణహిత వచ్చి కాళేశ్వరం దగ్గర, ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ఆ క్షేత్రం ఎదుట, గోదావరిలో కలుస్తుంది. గోదావరి ఉపనదుల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. గోదావరి పరివాహక ప్రాంతంలో మూడో వంతు దీనిదే. ఆ తర్వాత ఇంద్రావతిని, కూనవరం దగ్గర శబరిని కలుపుకుని, పాపికొండల నడుమ నుంచి రాజమహేంద్రవరం చేరి, మా ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగుతుంది. బొబ్బర్లంక లాకుల గుండా మధ్య డెల్టా కాలువలోకి దిగిన నీరే అంబాజీపేట పొలాలకు వస్తుంది. మీ పెదనాన్నగారింటికి వెళ్లేటప్పుడు మీరు దాటిన కాలువలో మోగ్లీ ఏటి నీరు కొంతైనా ఉంది. జూలైలో ఎర్రనీరు వచ్చినప్పుడు ఆ రంగులో ఏయే కొండల మట్టి ఉందో తలచుకోండి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 1895 నాటి పుస్తకంలో ఒక కథ ఉంది. వానలు లేక వైన్‌గంగ ఎండిపోయి, నది మధ్యలో ఎప్పుడూ మునిగి ఉండే ఒక బండ బయటపడుతుంది. అది కనబడితే పెద్ద ఏనుగు హాథీ తొండమెత్తి ఘీంకరించి నీటి ఒప్పందం ప్రకటిస్తుంది. ఆనాటి నుంచి వానలు పడేదాకా నీళ్లు తాగడానికి వచ్చిన ప్రాణిని ఏ మృగమూ చంపకూడదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు శివారు ఆయకట్టు రైతుల అవస్థలు చూసినవాణ్ణి కాబట్టి, నేను తరగతిలో నీటి పంపకాల పాఠం చెప్పేముందు పిల్లలకు ఈ కథ చెప్పేవాణ్ణి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేయకముందు ఈ డెల్టా ఎలా ఉండేదో చెబితే అర్థం కాని పిల్లలకు, ఆ బండ కథ చెబితే అర్థమయ్యేది.

మాటలగది గారు జ్ఞాపకంలో వేరే ఏదో కలిసిపోయి ఉండవచ్చు అన్నారు. కావచ్చు. కానీ కలిసిన ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవలసిన అవసరం ఉంది, ఎందుకంటే అది సరైన మాట.


సమాధానం 3: గౌతమిరేవు, యానాం

నేను మీ అందరికంటే చిన్నవాణ్ణి. నా చిన్నతనంలో కార్టూన్ అంటే టీవీ ఎంతో, ఆ చానళ్ల వెబ్‌సైటులూ అంతే. 2006 ప్రాంతంలో నెట్ సెంటరులో గంటకు పదిహేను రూపాయలు ఇచ్చి, ఇద్దరు ముగ్గురం ఒకే కుర్చీలో సర్దుకుని, అక్కడి ఆటలు ఆడేవాళ్లం. ఆ ఆటలన్నీ ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో దానికి మద్దతు ఆపేసింది. మరుసటి జనవరి 12 నుంచి ఆ ప్లేయరులో అవి అసలు తెరుచుకోకుండా చేసింది. తర్వాత 2024 ఆగస్టులో అమెరికాలోని కార్టూన్ నెట్‌వర్క్ వెబ్‌సైటునే మూసేశారు. దాని చిరునామా కొడితే వేరే స్ట్రీమింగ్ సేవకు తీసుకుపోయేది.

అందుకే కాలువగట్టు గారికి ఒక విన్నపం. అధికారిక పేజీ కదా, ఎప్పటికీ ఉంటుందిలే అని అనుకోకండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ చిరునామా ఇచ్చి, భద్రపరచమని కోరితే, ఆ రోజు ఉన్న రూపం వారి దగ్గర నిలిచిపోతుంది. ఇందుకు డబ్బు కట్టనక్కరలేదు. 2001 నుంచి జనానికి అందుబాటులో ఉన్న సేవ అది. నేను పోగొట్టుకున్న కొన్ని పేజీల ముఖాలను అక్కడే మళ్లీ చూశాను. ఆటలు ఆడలేకపోయినా, ఆ పేజీ నేపథ్యపు రంగు చూడగానే ఆ నెట్ సెంటరు తలుపు కిర్రుమన్న చప్పుడు కూడా గుర్తుకొచ్చింది.


సమాధానం 4: వశిష్ఠతీరం, రాజోలు

నాకు ఏడేళ్ల బాబు ఉన్నాడు. మోగ్లీని వాడికి చూపించాలని నేనూ కిందటి సంవత్సరం ప్రయత్నించాను, ఆ అనుభవం చెబుతాను.

మొదటి రోజు వాడు పది నిమిషాలు కూడా కూర్చోలేదు. ఇప్పటి కార్టూన్లలో బొమ్మ నిమిషానికి ఎన్నోసార్లు మారుతుంది. ఇందులో ఆకు మీద నుంచి నీటి బొట్టు జారేదాకా ఆగుతారు. వాడికి జపనీస్ రాదు, హిందీ ఇంకా అక్షరాల దగ్గరే ఉంది. రెండో రోజు నేను శబ్దం తగ్గించి, వాడి పక్కన కూర్చుని, జరుగుతున్నదంతా మన భాషలో చెప్పడం మొదలుపెట్టాను. తోడేళ్ల నాయకుడు అకేలాను మా మామగారిలా మాట్లాడించాను. కా అనే ఆ పెద్ద పాము మాట్లాడినప్పుడు, మా వీధిలో నెమ్మదిగా సాగదీసి మాట్లాడే ఒక పెద్దావిడ గొంతు పెట్టాను. మోగ్లీ బూమరాంగ్ విసిరిన ప్రతిసారీ అది తిరిగొచ్చేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్లం. అప్పటి నుంచి వాడు నేను లేకుండా ఆ కార్టూన్ చూడనన్నాడు.

ఇది రాస్తుంటే నాకు ఒకటి తోచింది. కాలువగట్టు గారూ, మీరు ప్రశ్నలో రాసినదాన్ని మీరే మరొకసారి చదవండి. బాలూ అన్న మాట మీకు ఏ భాషలో గుర్తుంది? ‘గోదారికి’ అని తెలుగులో, అదీ మన యాసలో గుర్తుంది. తెర మీద హిందీ నడుస్తుండగా మీ చెవిలో తెలుగు పోసినది ఒక్క మనిషే. ఆ ఎపిసోడ్ సంఖ్యను నిప్పన్ యానిమేషన్ పేజీలో వెదకడం ఆపి, మీ అక్కగారిని అడగండి.


కాలువగట్టు, అంబాజీపేట (ప్రశ్న అడిగినవారు)

సమాధానాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా అక్కకు ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటోంది.

ముందు ఆమెకు ఏమీ గుర్తు రాలేదు. ఏటి ఒడ్డున మోగ్లీ, పక్కన బాలూ, సాయంత్రం అని వరుసగా చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. బాలూ ఆ ఘట్టంలో చాలాసేపు మాట్లాడాడట, మధ్యమ పరీక్షకు చదివిన హిందీతో ఆమెకు అందులో ఒక్క ముక్క కూడా అర్థం కాలేదట. నేను ‘ఏమన్నాడే, ఏమన్నాడే’ అని చేయి పట్టి లాగుతున్నానట. తెర మీద నీళ్లు కనబడుతున్నాయి కాబట్టి నీళ్ల మాట చెప్పిందట. మోగ్లీ అడిగిన ప్రశ్న కూడా ఆమె కల్పించినదే. అది ఒక్కటే కాదు, ఆ సంవత్సరం నేను విన్నదాంట్లో సగం వరకు అలాంటిదేనని ఇప్పుడు ఒప్పుకొంది.

లాకులదారి గారు రాసినదంతా ఆమెకు చదివి వినిపించాను. వైన్‌గంగ, ప్రాణహిత, కాళేశ్వరం, బొబ్బర్లంక అని ఒక్కొక్కటే చదువుతుంటే ఆమె మధ్యలో ఆపి ఆపి మళ్లీ చదవమంది. ‘నీకు ముందే తెలుసా’ అని అడిగాను. తెలియదంది. ‘మరి గోదారి అని ఎందుకన్నావు’ అంటే, ‘నీళ్లు ఇంకెక్కడికి పోతాయిరా, అప్పటికి నేను చూసిన ఏరు గోదారి ఒక్కటే కదా’ అంది.

గౌతమిరేవు గారు చెప్పినట్టు ఆ పేజీని భద్రపరిచాను. హిందీ రూపం కోసం మాటలగది గారు చూపిన దారిలో వెదుకుతాను. మా అమ్మాయికి మాత్రం తొందర ఎక్కువ, ఆగలేనంటోంది. అందుకని సంక్రాంతికి అక్క వచ్చినప్పుడు మొదటి ఎపిసోడ్ పెట్టాలని నిర్ణయించుకున్నాం. శబ్దం తగ్గించి పెడతాం. మాటలు అక్క చెబుతుంది.